తిరుపతిలో మాజీ సైనికుల ఓపీ క్లినిక్‌కి బిల్డింగ్ అద్దెకు తీసుకోవడం ఎలా

టు-లెట్ బోర్డులు వెతకడానికి బయల్దేరే ముందు, మీ క్లినిక్‌కి రాబోయేవాళ్లలో అందరికంటే పెద్దాయన ఎవరో గుర్తు చేసుకోండి. మాకు ఆయన పుత్తూరు పక్క పల్లె నుంచి వచ్చే ఒక నాయక్ గారు (నాయక్ అంటే సైన్యంలో ఒక ర్యాంకు). వయసు 84. 1971 యుద్ధంలో ఉన్న మనిషి. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, ఎడమ చెవి వినపడదు. పొద్దున్నే మొదటి బస్సు పట్టుకుని ఏడున్నరకల్లా గేటు దగ్గర ఉంటారు. ఏ బిల్డింగ్ చూడటానికి వెళ్లినా, ఆయన బస్సు దిగిన దగ్గర్నుంచి డాక్టరు ఎదురుగా కుర్చీలో కూర్చునేదాకా ఎన్ని మెట్లు, ఎన్ని గడపలు, ఎంత నడక అని లెక్కపెట్టుకునేవాళ్లం. అడుగుకు అద్దె ఎంత అన్నది ఆ తర్వాత.

నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాను. ఇక్కడ కొందరు మాజీ సైనికులం, ఇద్దరు డాక్టర్లతో కలిసి చిన్న ఔట్ పేషెంట్ క్లినిక్ నడుపుతున్నాం. ఇప్పుడున్నది రెండో బిల్డింగ్. మొదటిది రెండేళ్లకే ఖాళీ చేయాల్సి వచ్చింది. ఎందుకో కింద చెబుతాను, ఆ దెబ్బ మీకు తగలకూడదనే ఇది రాస్తున్నాను.

ఒక మాట ముందే తేల్చుకుందాం. 2003 ఏప్రిల్ 1న మొదలైన ఈసీహెచ్ఎస్ మాజీ సైనికుల వైద్యం కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ పథకం. దాని పాలీక్లినిక్‌లకు భవనాలు తీసుకునేది సైన్యమే, దాని పద్ధతి వేరు. నేను చెప్పేది సంఘమో, ట్రస్టో, డాక్టర్లో సొంతంగా పెట్టుకునే క్లినిక్ గురించి. మీకు ఆ పథకంలో గుర్తింపు (ఎంప్యానెల్‌మెంట్) లేకపోతే బోర్డు మీద ఈసీహెచ్ఎస్ అన్న మాట వేయొద్దు. కార్డు పట్టుకుని వెంకటగిరి నుంచి వచ్చిన మనిషిని "ఇక్కడ చెల్లదు తాతా" అని తిప్పి పంపడం చాలా బాధగా ఉంటుంది.

మొదటి పని: అద్దెకు తీసుకునేది ఎవరి పేరు మీద?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ తర్వాత వచ్చే ప్రతి కాగితం దీని మీదే నిలబడుతుంది. సంఘం నడుపుతున్నట్టయితే ముందు దాన్ని ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద రిజిస్టర్ చేయించండి. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా సంఘం పేరు మీదే ఉండాలి. బిల్డింగ్ లీజుకు తీసుకోవాలని, ఫలానా ఇద్దరు సంతకం చేయాలని కమిటీ తీర్మానం రాసి మినిట్స్ పుస్తకంలో పెట్టండి. ఒక్కరి సొంత పేరు మీద రాస్తే, రేపు ఆయనకు ఒంట్లో బాగా లేకపోయినా, కమిటీలో మాటా మాటా వచ్చినా క్లినిక్ ఆయనతోపాటే ఆగిపోతుంది.

రెండో పని: ఏ వైపు?

తిరుపతిలో స్థలం చూసేటప్పుడు భక్తుల రద్దీని లెక్కలోకి తీసుకోక తప్పదు. అలిపిరి రోడ్డులో బిల్డింగులు బాగుంటాయి, రుయా, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులు దగ్గర. కానీ బ్రహ్మోత్సవాల్లో, ముఖ్యంగా గరుడ సేవ రోజున, వైకుంఠ ఏకాదశికి అటు ఆటో దొరకదు, ట్రాఫిక్‌ను వేరే దారికి మళ్లిస్తారు. మన పేషెంట్లలో సగం మంది ఊళ్ల నుంచి వస్తారు. శ్రీకాళహస్తి, సత్యవేడు, పాకాల, చంద్రగిరి, గూడూరు, అన్ని వైపులా ఉన్నారు. వాళ్లంతా దిగేది ఆర్టీసీ బస్టాండులోనో రైల్వే స్టేషన్‌లోనో. కాబట్టి బస్టాండు నుంచి షేర్ ఆటోలో ఒక్కసారి ఎక్కి దిగితే చేరగలిగే చోటు చూడండి. రెండు ఆటోలు మారాల్సిన చోట అద్దె పదివేలు తక్కువైనా వద్దు.

వాన గురించి తప్పకుండా అడగండి. 2021 నవంబరు వానలకు ఊళ్లో ఎన్నో కాలనీలు నీళ్లలో మునిగాయి, రైల్వే అండర్ బ్రిడ్జిలు చెరువులయ్యాయి. ఇంటి ఓనరును అడిగితే "మా వీధికి ఎప్పుడూ రాలేదండీ" అనే అంటారు. మీరు పక్కనున్న కిరాణా కొట్టాయనను, ఇస్త్రీ చేసేవాళ్లను అడగండి. నీళ్లు ఎంత ఎత్తు దాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. గ్రౌండ్ ఫ్లోరే కావాలన్నది మన పట్టుదల కాబట్టి ఈ విచారణ మనకు ఇంకా ముఖ్యం. నీళ్లొస్తే మందులు, ఈసీజీ మిషను, డెంటల్ కుర్చీ అన్నీ పోతాయి.

చిత్తూరులో పెట్టేవాళ్లకు లెక్క కొంచెం వేరు. అక్కడ జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయానికి పనిమీద వచ్చేవాళ్లు అదే రోజు డాక్టరునూ చూసుకుని పోవాలనుకుంటారు. పెద్ద జబ్బయితే చాలామంది వేలూరు సీఎంసీకే వెళ్తారు. అందుకని వేలూరు బస్సులు ఆగే దారికి దగ్గరగా ఉంటే మేలు.

మూడో పని: పెద్దాయనతో కలిసి నడవండి

నిజంగానే ఒక పెద్దాయనను వెంట తీసుకుని వెళ్లండి. వీల్‌చైర్ ఒకటి అరువు తెచ్చుకోండి. టేపు, కాగితం చేతిలో ఉండాలి. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో దీన్ని మించిన పని లేదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

గేటు దగ్గర మొదలుపెట్టండి. ఇక్కడి ఇళ్లకు పునాది ఎత్తుగా వేస్తారు, వీధి నుంచి వరండాకు రెండున్నర అడుగులు మామూలే. ర్యాంపు వాలు 1:12 ఉండాలి. అంటే ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు. రెండున్నర అడుగులంటే 30 అడుగుల ర్యాంపు, మధ్యలో ఆగడానికి సమతలంగా కొంత చోటు, రెండు వైపులా పట్టుకునే రెయిలింగ్. వెడల్పు కనీసం నాలుగు అడుగులు. ఇంటి ముందు అంత ఖాళీ ఉందా? రోడ్డు మీదికి ర్యాంపు దింపితే కార్పొరేషన్ వాళ్లు కొట్టేస్తారు, అది న్యాయం కూడా. "బండ్లు ఎక్కించే ర్యాంపు ఉంది కదా సార్" అని ఓనరు చూపించేది స్కూటర్ ఎక్కే నిటారు ర్యాంపు. దాని మీద వీల్‌చైర్ వెనక్కి జారుతుంది. తోసే మనిషి కూడా డెబ్బై ఏళ్ల భార్యే అయి ఉంటుంది, అది మర్చిపోవద్దు.

తర్వాత తలుపులు. వీల్‌చైర్ హాయిగా పోవాలంటే 90 సెంటీమీటర్లు, అంటే దాదాపు మూడు అడుగుల దారి కావాలి. ఇళ్లలో బెడ్రూం తలుపు ఫర్వాలేదనిపిస్తుంది, బాత్రూం తలుపు మాత్రం రెండున్నర అడుగులే ఉంటుంది. గోడ కొట్టి వెడల్పు చేయడానికి ఓనరు ఒప్పుకుంటారా అన్నది అప్పుడే అడిగేయండి. లోపల వీల్‌చైర్ తిరగడానికి ఐదు అడుగుల గుండ్రం ఖాళీ ఉండాలి. ఇండియన్ టాయిలెట్ మోకాళ్లు పోయినవాళ్లకు నరకం. కమోడ్ ఉండాలి, పక్కన పట్టుకునే రాడ్లు ఉండాలి, గోడ ఆ రాడ్ల బరువును మోయగలగాలి. ఆడవాళ్లకు వేరే టాయిలెట్ తప్పనిసరిగా చూడండి. మన దగ్గరికి వచ్చేవాళ్లలో భార్యలు, భర్తను పోగొట్టుకున్న తల్లులు తక్కువేమీ కాదు.

నేల చూడండి. నున్నటి గ్రానైట్, మెరిసే టైల్స్ కంటికి బాగుంటాయి. తడి కాలు పడితే జారతాయి. వాటి మీద గరుకు మ్యాట్ పరవడానికి అయ్యే ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. గదికీ గదికీ మధ్య అంగుళం గడప ఉన్నా ఊతకర్ర తగులుకుంటుంది.

చప్పుడు కూడా పరీక్షించాలి. ఆర్టిలరీలో చేసినవాళ్లకు, ట్యాంకుల్లో చేసినవాళ్లకు చెవులు మందగించడం మామూలు. రోడ్డు వైపు గదిలో కన్సల్టేషన్ పెడితే డాక్టరు గట్టిగా అరవాలి, అప్పుడు లోపలి మాటలు బయట వెయిటింగ్ హాల్లో అందరికీ వినపడతాయి. పంచుకోలేని బాధతో, నిద్ర పట్టక, పీడకలలతో వచ్చే మనిషికి అది పెద్ద శిక్ష. వెనక వైపు ఉండే గదిని డాక్టరుకు ఇవ్వండి, ముందు గదిలో రిజిస్ట్రేషన్, బీపీ చూడటం పెట్టుకోండి.

ఫస్ట్ ఫ్లోర్ అయినా లిఫ్ట్ ఉంది కదా అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం, మా మొదటి బిల్డింగ్ ఫస్ట్ ఫ్లోరే. ఒక మే నెల మధ్యాహ్నం కరెంటు పోయింది. లిఫ్ట్‌కి బ్యాకప్ లేదు. ఒక సుబేదార్ మేజర్ గారు అందులో ఇరవై నిమిషాలు ఇరుక్కుపోయారు. బయటికి వచ్చాక ఆయన ఒక్క మాట కూడా అనలేదు, నీళ్లు తాగి కూర్చున్నారు. ఆ రోజు నుంచి మాకు గ్రౌండ్ ఫ్లోర్ తప్ప వేరే మాట లేదు.

ఎంత చోటు కావాలి? రిజిస్ట్రేషన్, కూర్చునే హాలు, ఇద్దరు డాక్టర్లకు రెండు గదులు, ఒక డ్రెస్సింగ్ గది, రక్తం తీసే చోటు, మందుల గది, ఫిజియోథెరపీకి ఒక పెద్ద గది, రికార్డులకు చిన్న గది. వీటికి 1,800 నుంచి 2,500 చదరపు అడుగులు సరిపోతాయి. మెడికల్ షాపు లైసెన్సుతో పెట్టాలంటే దానికే కనీసం 10 చదరపు మీటర్లు, అంటే దాదాపు 108 చదరపు అడుగులు విడిగా ఉండాలి. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి కాబట్టి ఫ్రిజ్‌కి ఇన్వర్టర్ లైను రావాలి. కొలతల దగ్గర ఒక జాగ్రత్త: ఇక్కడ స్థలాన్ని అంకణాల్లో చెబుతారు. తిరుపతి అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. గూడూరు నుంచి వచ్చిన ఓనరు ఒక లెక్కలో, మీరు ఒక లెక్కలో మాట్లాడుకునే ప్రమాదం ఉంది. అగ్రిమెంట్లో చదరపు అడుగులే రాయించండి. గోడలు కలిపిన కొలతా, లోపల వాడుకునే కొలతా అన్నదీ రాయించండి.

ఎక్స్‌రే పెట్టే ఆలోచన ఉంటే ఆ గదిని ఇప్పుడే ఎంచుకోవాలి. ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి లేకుండా మిషను నడపకూడదు. నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడలున్న గది దానికి పనికిరాదు. మందమైన ఇటుక గోడ, సీసం రేకు వేసిన తలుపు కావాలి. అల్ట్రాసౌండ్ అయితే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం (కడుపులో బిడ్డ ఆడా మగా అని చూడటాన్ని నిషేధించే చట్టం) కింద రిజిస్ట్రేషన్ లేకుండా మిషను లోపలికి కూడా తేవద్దు.

నాలుగో పని: బిల్డింగ్ కాగితాలు

మా మొదటి బిల్డింగ్ ఎందుకు పోయిందో ఇక్కడ చెప్పాలి. ఓనరు దాన్ని తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నారు, కంతులు కట్టలేదు. ఒక పొద్దున మేము వెళ్లేసరికి గేటుకు బ్యాంకు నోటీసు అంటించి ఉంది. మా అగ్రిమెంట్ మీద బ్యాంకు అనుమతి లేదు. మేము అడగనూ లేదు, ఆయన చెప్పనూ లేదు. ఐదు వారాల్లో అన్నీ సర్దుకుని బయటికి వచ్చాం.

కాబట్టి అడ్వాన్స్ ఇవ్వకముందే ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి, కనీసం 30 ఏళ్లది. తాకట్టు కనిపిస్తే, ఈ లీజుకు అభ్యంతరం లేదని బ్యాంకు రాసిచ్చిన కాగితం తెమ్మనండి. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, తాకట్టు పత్రంలో వేరేలా రాసుకోకపోతే, తాకట్టులో ఉన్న భవనాన్ని ఓనరు మూడేళ్లకు మించి లీజుకు ఇవ్వలేరు. కొన్ని తాకట్టులు ఈసీలో కనిపించకపోవచ్చు కూడా, అందుకే ఒరిజినల్ దస్తావేజులు కళ్లారా చూడాలి. "ఒరిజినల్స్ లాకర్లో ఉన్నాయి, జెరాక్స్ ఇస్తాను" అంటే, లాకర్ తెరిచే రోజు దాకా ఆగుతామని మర్యాదగా చెప్పండి.

తిరుపతిలో ఇంకో ప్రత్యేకమైన చిక్కుంది. ఈ ఊళ్లో దేవస్థానం భూములు, హథీరాంజీ మఠం భూములు, దేవాదాయ భూములు, డీకేటీ పట్టాలు పక్కపక్కనే ఉంటాయి. పైకి మూడంతస్తుల మేడ కనిపిస్తుంది, కింద నేల ఎవరిదో తెలియదు. సర్వే నంబరు తీసుకుని, అది 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోండి. డీకేటీ, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి అయితే, 1977 చట్టం దాని అమ్మకాన్నే కాదు, లీజును కూడా నిషేధిస్తుంది. ఎంత చవకైనా దాని జోలికి పోవద్దు.

ఓనరు ఒక్కరే అని నమ్మకండి. తండ్రి పోయాక అన్నదమ్ములు పంచుకోని ఇళ్లు చాలా ఉంటాయి. అక్కచెల్లెళ్లతో సహా వాటాదార్లందరూ సంతకం పెట్టాలి. ఎవరైనా అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటే వాళ్లు ఇచ్చిన జీపీఏ (తమ తరఫున సంతకం చేసే అధికార పత్రం) చూడండి, అందులో లీజుకు ఇచ్చే అధికారం రాసి ఉందో లేదో చదవండి.

తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) గానీ కార్పొరేషన్ గానీ ఇచ్చిన ప్లాన్ అప్రూవల్ అడగండి. ప్లాన్‌లో లేని గది కట్టి దాన్నే మీకు ఫార్మసీకి ఇస్తానంటే ఒప్పుకోకండి.

ఐదో పని: అనుమతులు వస్తాయో లేదో ముందే కనుక్కోవడం

అందరూ లీజు రాసుకుని, రంగులు వేయించి, ఆ తర్వాత అనుమతులకు తిరుగుతారు. మీరు తిరగేసి చేయండి. లీజుకు ముందే ఆఫీసులకు వెళ్లి "ఈ అడ్రసులో ఇది పెట్టుకోవచ్చా" అని అడిగి తెలుసుకోండి.

మన రాష్ట్రంలో ప్రైవేటు అల్లోపతి క్లినిక్‌కి 2002 నాటి చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారి ఆఫీసులో దరఖాస్తు చేస్తారు, ఐదేళ్లకు ఇస్తారు. బయోమెడికల్ వ్యర్థాలకు 2016 నిబంధనల కింద కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, వ్యర్థాలు తీసుకుపోయే ఉమ్మడి కేంద్రంతో ఒప్పందం కావాలి. సూదులు, దూది, కట్లు రంగు రంగు సంచుల్లో వేరు చేసి పెట్టాలి, 48 గంటలకు మించి ఉంచకూడదు. ఆ సంచులకు తాళం వేసే చిన్న గది, బండి వచ్చి ఆగే చోటు గేటుకు దగ్గరగా ఉండాలి. పైన ఓనరు కుటుంబం కాపురం ఉంటే ఈ మాట ముందే చెప్పేయండి. తర్వాత తెలిస్తే వాళ్లకు భయం, మనకు టెన్షన్.

కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, అగ్నిమాపక శాఖ వాళ్లు అడిగేవి కూడా కనుక్కుని పెట్టుకోండి.

కరెంటు దగ్గర చాలామంది దొరికిపోతారు. ఇంటి మీటరు మీద క్లినిక్ నడపకూడదు. కమర్షియల్ కేటగిరీకి మార్చాలి. మార్చకుండా వాడితే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద రెట్టింపు టారిఫ్ వేస్తారు. ఎప్పట్నుంచి వాడుతున్నారో తేలకపోతే పన్నెండు నెలలకు లెక్కగడతారు. కేటగిరీ మార్పు దరఖాస్తు మీద ఓనరు సంతకం పెట్టాలని, డెంటల్ కంప్రెసర్, ఏసీలు, ఆటోక్లేవ్ (పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే మిషను) కలిపి ఎంత లోడు కావాలో, ఆ అదనపు లోడు ఖర్చు ఎవరిదో అన్నీ ముందే మాట్లాడుకోండి. ఇంటి పన్ను కూడా కమర్షియల్‌కి మారి పెరుగుతుంది, ఆ తేడా ఎవరు కట్టాలో రాసుకోండి.

ఇప్పుడు గమనించండి. క్లినిక్ రిజిస్ట్రేషన్, వ్యర్థాల అనుమతి, మందుల లైసెన్సు, ఎక్స్‌రే అనుమతి, స్కానింగ్ రిజిస్ట్రేషన్ అన్నీ అడ్రసుకు కట్టుబడి ఉంటాయి. బిల్డింగ్ మారితే దాదాపు అన్నీ మళ్లీ మొదటి నుంచి. పైగా మన పేషెంట్లు కొత్త దారి నేర్చుకునే వయసులో లేరు. మేము మారినప్పుడు మూడు నెలల దాకా పాత గేటు దగ్గర ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టాం, అయినా కొందరు తిరిగి రాలేదు. పదకొండు నెలల అగ్రిమెంట్ మీద క్లినిక్ పెట్టొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఆరో పని: అద్దె లెక్క

బ్రోకర్ చెప్పే అద్దె వేరు, మీ జేబులోంచి పోయే డబ్బు వేరు. ఓనరు జీఎస్టీలో రిజిస్టరై ఉంటే కమర్షియల్ అద్దె మీద 18 శాతం పడుతుంది. అద్దె 60,000 అనుకోండి, జీఎస్టీ 10,800, మొత్తం 70,800. మామూలు వ్యాపారమైతే ఆ 10,800 తిరిగి సర్దుబాటు చేసుకుంటుంది. వైద్య సేవల మీద జీఎస్టీ లేదు కాబట్టి మనకు సర్దుబాటు ఉండదు. ఏడాదికి 1,29,600 రూపాయలు నేరుగా ఖర్చే. అదే ఓనరు రాబడి మొత్తం ఏడాదికి 20 లక్షల లోపు ఉండి, రిజిస్టర్ కాకపోతే ఆ భారం లేదు. కాకపోతే మందుల షాపు కోసమో దేనికోసమో మీరు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకుని ఉంటే, 2024 అక్టోబరు 10 నుంచి రిజిస్టర్ కాని ఓనరు కమర్షియల్ అద్దె మీద కూడా మీరే జీఎస్టీ కట్టాలి. ఈ ఒక్క విషయం కోసమైనా ఆడిటరు దగ్గర అరగంట కూర్చోండి.

నెల అద్దె 50,000 దాటితే టీడీఎస్ (అద్దెలోంచి ముందే పట్టుకుని కట్టే ఆదాయ పన్ను) ఉంది. సంఘమైతే 10 శాతం, పై లెక్కలో 6,000, పట్టుకుని ఓనరు పాన్ మీద కట్టాలి. కొందరు ఓనర్లు "నాకు పూర్తి అద్దె చేతికి రావాలి, టీడీఎస్ మీరు పెట్టుకోండి" అంటారు. అది వాళ్ల పన్నే అని మొదటి రోజే నెమ్మదిగా వివరించండి.

అడ్వాన్స్ ఆరు నెలలు, పది నెలలు అడుగుతారు. బేరమాడండి. మాజీ సైనికుల కోసం అని చెబితే తగ్గించేవాళ్లు ఈ ఊళ్లో నిజంగానే ఉన్నారు. మా రెండో ఓనరు అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: "మా పెదనాయన కూడా మిలట్రీనే సార్. అడ్వాన్స్ మూడు నెలలది చాలు, ఇల్లు మాత్రం శుభ్రంగా చూసుకోండి." అలాంటి మనిషి దొరికితే అద్దె వెయ్యి రూపాయలు ఎక్కువైనా అక్కడే ఉండండి.

ర్యాంపు, టాయిలెట్ పనులకు నెల, రెండు నెలలు పడతాయి. ఆ రోజులకు అద్దె లేకుండా అడగండి. ఇంకా మంచిది, అద్దె మొదలయ్యే తేదీని క్లినిక్ రిజిస్ట్రేషన్ వచ్చిన రోజుతో ముడిపెట్టండి. ఓనరు ఒప్పుకోకపోతే, రెండున్నర నెలలు దాటితే రిజిస్ట్రేషన్ రాకపోయినా అద్దె మొదలవుతుందని మధ్యేమార్గంగా రాసుకోవచ్చు.

ఏడో పని: లీజు పత్రం

దస్తావేజు లేఖరి దగ్గర రెడీగా ఉండే నమూనా ఇంటి అద్దెకు సరిపోతుంది, క్లినిక్‌కి కాదు. వకీలు చేత రాయించండి. రాయించేటప్పుడు మీరు పక్కన కూర్చుని అడగాల్సినవి కొన్ని చెబుతాను.

గడువు కనీసం ఐదేళ్లు. ఆ తర్వాత ఇంకో ఐదేళ్లు పొడిగించుకునే హక్కు మీకు ఉండాలి. అద్దె పెంపు ఏడాదికి ఇంత శాతం అని ఇప్పుడే అంకెతో రాయాలి, "అప్పటి మార్కెట్ ప్రకారం" అన్న మాట వద్దు. ఓనరు మధ్యలో ఖాళీ చేయించకూడదు. మీరు మాత్రం నిధులు లేక ఆపాల్సి వస్తే మూడు నెలల నోటీసుతో వెళ్లగలగాలి. ఇలా ఒకవైపే ఉంటే ఓనరు ఒప్పుకోరు అంటారు. మొదటి రెండేళ్లు మేము కూడా వెళ్లము అని మాటిస్తే ఎక్కువమంది ఒప్పుకుంటారు.

దేనికి వాడతారో స్పష్టంగా ఉండాలి: ఔట్ పేషెంట్ క్లినిక్, ల్యాబు, మందుల గది, ఫిజియోథెరపీ, అవసరమైతే ఎక్స్‌రే. "ఆఫీసు నిమిత్తం" అని రాస్తే అనుమతుల దగ్గర ఇబ్బంది. ల్యాబునో మెడికల్ షాపునో బయటివాళ్ల చేత నడిపించాలనుకుంటే అది సబ్ లీజు కిందికి వస్తుంది, దానికి ఓనరు ఒప్పుదల ఈ పత్రంలోనే ఉండాలి.

స్లాబు, గోడలు, మురుగు లైను రిపేర్లు ఓనరువి. ఫ్యూజులు, కుళాయిలు మీవి. బోరు ఎండితే ట్యాంకర్ ఖర్చు ఎవరిది అన్నది ఎండాకాలంలో గొడవ అవుతుంది, అదీ రాయండి. మీరు పెట్టిన ఏసీలు, ర్యాంపు రెయిలింగ్, సింకులు వెళ్లేటప్పుడు తీసుకుపోవచ్చని, భవనాన్ని ఉన్నట్టుగా అప్పగిస్తామని రాస్తే చట్టం కూడా దానికి అనుకూలమే. అడ్వాన్స్ ఖాళీ చేసిన రోజే తిరిగి ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీ. ఓనరు ఇల్లు అమ్మినా కొన్నవాళ్లు ఈ లీజుకు కట్టుబడాలి.

ఎనిమిదో పని: రిజిస్ట్రేషన్, తాళాలు

ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ అయితేనే చెల్లుతుంది. నోటరీ చేయిస్తే చాలు అని ఎవరు చెప్పినా వినకండి. రిజిస్టర్ కాని ఐదేళ్ల లీజు కోర్టులో ఐదేళ్ల హక్కును నిలబెట్టదు. సంతకాలైన నాలుగు నెలల్లోపు సబ్‌రిజిస్ట్రార్ ముందు పెట్టాలి. స్టాంపు డ్యూటీ గడువును, అద్దెను, అడ్వాన్స్‌ను బట్టి ఉంటుంది, ముందు రోజే ఆఫీసులో లెక్క వేయించుకుని పోండి. ఆ ఖర్చు భరించలేమని పదకొండు నెలలకు దిగిపోకండి. ఒకసారి క్లినిక్ మార్చడానికి మాకైన ఖర్చు దానికంటే ఎన్నో రెట్లు.

తాళాలు తీసుకునే రోజు ఓనరును పక్కనే ఉంచుకుని ప్రతి గదినీ, పగుళ్లతో సహా, ఫొటోలు తీయండి. కరెంటు మీటరు, నీటి మీటరు రీడింగులు ఇద్దరూ సంతకం పెట్టి రాసుకోండి. పాత కరెంటు బిల్లు, ఇంటి పన్ను బకాయిలు లేవని రసీదులు తీసుకోండి. ఆ తర్వాత బోర్డు రాయించండి. తెలుగులో, పెద్ద అక్షరాలతో, రోడ్డు అవతలి ఫుట్‌పాత్ నుంచి కళ్లజోడు లేకుండా చదవగలిగేలా ఉండాలి. ర్యాంపు ఏ వైపు ఉందో బాణం గుర్తు వేయించండి. ఇంకా, ఏడున్నరకే వచ్చే మా నాయక్ గారి లాంటివాళ్ల కోసం గేటు లోపల నీడలో ఒక బెంచీ, ఒక నీళ్ల కూజా పెట్టి, పొద్దున ఏడుకే గేటు తాళం తీసే మనిషిని పెట్టుకోండి.